మోపు ఎవరి నెత్తి మీద? – ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి, ఇంగ్లిష్ వర్బ్, ఆరు నెలలు

2024 జులై చివర్లో ఎఫ్ఏ-1 (ఏడాదిలో మొదటి ఫార్మేటివ్ అసెస్‌మెంట్ పరీక్ష) పేపర్లు దిద్దుతూ ఒక పేపర్ దగ్గర ఆగిపోయాను. ముత్యాల్లాంటి అక్షరాలు. స్పెల్లింగ్ తప్పు ఒక్కటి కూడా లేదు. మార్జిన్ గీసి, ఆన్సర్ నంబర్ వేసి, ఎంతో శ్రద్ధగా రాసిన పేపర్. ‘మీ కుటుంబం గురించి పది వాక్యాలు రాయండి’ అన్న ప్రశ్నకు ఆ పిల్ల ఇట్లా రాసింది: ‘మై మదర్ కాటన్ లేబర్. షి డైలీ మార్నింగ్ వర్క్ గోయింగ్. ఎస్టర్డే ఐ యామ్ డిడ్ నాట్ వెంట్ స్కూల్. ఫీవర్ కేమ్ టు మీ.’ పది వాక్యాల్లో క్రియ సరిగ్గా కుదిరినవి రెండే.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్‌ని. పదిహేడేళ్లుగా నల్లగొండ జిల్లాలోనే పనిచేస్తున్నాను. ఇప్పుడున్న బడి దేవరకొండ వైపు. మా పిల్లల్లో సగానికి పైగా చుట్టుపక్కల తండాల నుంచి ఆటోల్లో వస్తారు. ఈ అమ్మాయి కూడా తండా పిల్లే. అమ్మానాన్నలు పత్తి సీజన్‌లో కూలికి పోతారు, పని లేనప్పుడు హైదరాబాద్‌కు బిల్డింగ్ పనులకు పోతారు. పేరు, తండా పేరు రాయడం లేదు. ఈ కేసు రాస్తానని ఆమెకూ, వాళ్లమ్మకూ చెప్పి, ఇద్దరూ సరే అన్నాకే రాస్తున్నాను.

ఇంకో సంగతి కూడా తెలియాలి. 2022-23లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పుడు ఈమె ఏడో తరగతి. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు ఆ ఏడాదే చేతికొచ్చాయి. ఆరు తరగతులు తెలుగులో చదివి, ఒక్కసారిగా సైన్సూ సోషలూ ఇంగ్లిష్‌లో చదవాల్సి వచ్చిన పిల్ల. తెలివైనది. లెక్కల్లో క్లాసులో మొదటి ముగ్గురిలో ఉంటుంది. అలాంటి పిల్ల ఒక్క వర్బ్ దగ్గర ఇంతగా తడబడుతోందంటే లోపం ఆమె బుర్రలో లేదు. నేను చెప్పిన తీరులో ఉందని ఒప్పుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఆ మూడు వారాల్లో నేను చేసింది అందరూ చేసేదే. పన్నెండు టెన్సుల చార్టు ఇచ్చాను. సింపుల్ ప్రెజెంట్‌కు సబ్జెక్ట్ ప్లస్ వి-వన్ (వర్బ్ మూల రూపం), కంటిన్యుయస్‌కు ఈజ్-యామ్-ఆర్ ప్లస్ వి-ఫోర్ (‘ఇంగ్’ రూపం), అట్లా పన్నెండు వరుసలు. పది రోజుల్లో మొత్తం కంఠతా పట్టింది. ఎక్కడ అడిగినా తడుముకోకుండా చెప్పింది. తర్వాత వాక్యాలు రాయమంటే ఇట్లా రాసింది: ‘మై మదర్ ఈజ్ గోస్ టు వర్క్. షి వాజ్ వెంట్ టు దేవరకొండ. ఐ యామ్ నోయింగ్ మ్యాథ్స్.’ ముందు ‘ఈజ్’ ఉండేది కాదు. ఇప్పుడు ప్రతి వాక్యంలోకీ ‘ఈజ్’ వచ్చి కూర్చుంది. చార్టు ఆమెకు ముక్కలు ఇచ్చింది, ఏ ముక్క ఎందుకో చెప్పలేదు. దగ్గర పెట్టుకుంటే ఎక్కడో ఒక చోట పనికొస్తాయని అన్నీ కలిపి పెట్టింది పాపం.

ఆగస్టు రెండో వారంలో చార్టు పక్కన పెట్టేశాను. ఇరవై చిన్న వాక్యాలు తెలుగులో నోటితో చెప్పి, వాటిని ఇంగ్లిష్‌లో రాయమన్నాను. పుస్తకాల తెలుగు కాదు, మేం ఇద్దరం మాట్లాడుకునే తెలుగు. ‘మా అమ్మ కూలి చేస్తది’, ‘నేను నిన్న బడికి రాలే’, ‘తిని వచ్చిన’, ‘వాడు రేపు వస్తడు’, ఇట్లాంటివి. ఐదు సరిగ్గా వచ్చాయి. తప్పయిన పదిహేనింటినీ పక్కన పెట్టుకొని, ఒక్కో తప్పునూ వెనక్కి తెలుగులోకి మార్చి చూశాను. ఒక్క తప్పు కూడా గాలివాటంగా వచ్చింది కాదు. ప్రతి తప్పు కిందా ఒక మంచి తెలుగు వాక్యం ఉంది.

‘తిని, తయారై, బడికొచ్చిన’ అన్న వాక్యానికి ఆమె రాసింది ‘ఐ ఈట్, రెడీ, కేమ్ స్కూల్.’ ఆఖరి క్రియ ఒక్కదానికే పాస్ట్ పెట్టింది. మిగతావి ఉత్తగా వదిలేసింది. ఇదేదో తెలిసీ తెలియక చేసినట్టు కనిపిస్తుంది. కానీ తెలుగులో జరిగేది అచ్చంగా ఇదే. ‘తిని’లో కాలమూ లేదు, తిన్నదెవరో కూడా లేదు. అవన్నీ ‘వచ్చిన’ దగ్గరికి వచ్చాకే తేలతాయి. ఆ పిల్ల తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లిష్‌లో చాలా నిజాయితీగా పాటించింది.

మధ్యాహ్న భోజనం టైంలో మా తెలుగు సార్‌కు ఆ కాగితం చూపించాను. ఆయన చూసి, ‘ఇది అసమాపక క్రియ మేడం, క్త్వార్థకం. నేను ఎనిమిదో తరగతిలోనే చెప్తా’ అన్నారు. తర్వాత స్టాఫ్ రూంలో ఉన్న బోర్డు మీద ‘వచ్చిండు’ అని రాసి, ‘దీంట్ల ఎన్ని సంగతులున్నయో చెప్పుండ్రి’ అని నన్నే అడిగారు. రావడం అనే పని ఒకటి. ‘ఇన్’ అన్నచోట అయిపోయిన కాలం ఒకటి. ‘డు’ అన్నచోట మగవాడు, ఒక్కడే అన్నది ఒకటి. ‘వచ్చిన’ అంటే నేను, ‘వచ్చినవ్’ అంటే నువ్వు, ‘వచ్చిండ్రు’ అంటే వాళ్లు. మనిషిని వేరే చెప్పక్కర్లేదు, క్రియ తోకే చెప్తుంది. పదిహేడేళ్లుగా ఇంగ్లిష్ చెప్తున్నాను, ఇంగ్లిష్ వర్బ్ గురించి నాకు పనికొచ్చిన మాట ఒక తెలుగు సార్ నోట విన్నాను. రెండు సబ్జెక్టుల టీచర్లం ఒకే రూంలో అన్నం తింటాం, ఒకరి నోట్‌బుక్ ఒకరం చూడం. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మర్నాడు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ఇంగ్లిష్ తీయలేదు. ‘పోవుడు అనే మాట ఎన్ని తీర్ల అంటవో అన్నీ రాయి బిడ్డా’ అన్నాను. పోయిన, పోయినవ్, పోయిండు, పోయింది, పోయిండ్రు, పోత, పోతడు, పోతది, పోతుండె, పోలే, పోను, పోడు, పోవద్దు, పోతే, పోయి, పోయెటోడు... బెల్లు కొట్టేసరికి ముప్పై దాటింది. అప్పుడు పక్కన ఇంగ్లిష్‌లో రాశాను: ‘గో, గోస్, వెంట్, గాన్, గోయింగ్.’ ఐదే. ‘వాక్’కు అయితే నాలుగే: ‘వాక్, వాక్స్, వాక్డ్, వాకింగ్.’ ‘పుట్’కు మూడే: ‘పుట్, పుట్స్, పుటింగ్.’ ఎక్కువ రూపాలున్నది ఒక్క ‘బి’కే, అవి ఎనిమిది: ‘బి, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీయింగ్, బీన్.’

ఆ పిల్ల మొహంలో అప్పటిదాకా చూడని వెలుగొకటి చూశాను. ‘ఇంతేనా మేడం?’ అంది. ‘ఇంతే. నువ్వు ముప్పై తోకలు ఒక్కటీ తప్పులేకుండా ఆడిస్తవ్. వీళ్లకు నాలుగైదే.’

కానీ అసలు చిక్కు ఆ తక్కువలోనే ఉంది. తెలుగు క్రియ ఒక్కటే అన్ని పనులూ చేసుకుంటుంది. ఇంగ్లిష్ క్రియకు అంత బలం లేదు. ఎవరు చేశారో చెప్పలేదు, అందుకే ముందు ‘ఐ’, ‘షి’, ‘దే’ పెట్టి తీరాలి. ‘దేవరకొండ పోయిన’ అంటే మనకు చాలు. ‘వెంట్ టు దేవరకొండ’ అంటే పోయింది ఎవరో వాళ్లకు తెలియదు. ప్రశ్న అడగలేదు, కాదు అని చెప్పలేదు, జరుగుతూ ఉందని చెప్పలేదు. ప్రతిదానికీ పక్కన ఇంకొకరు కావాలి. ఆ ఇంకొకరే హెల్పింగ్ వర్బులు.

*

‘ఈజ్’ సంగతి ముందు తేల్చుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ పిల్ల సూటిగా అడిగింది: ‘తెలుగుల మా అమ్మ కూలి అంటే అయిపాయె గద మేడం. గీ ఈజ్ ఏడికెల్లొచ్చింది?’

మంచి ప్రశ్న. ‘మా నాయన రైతు’, ‘గీ పుస్తకం కొత్తది’, ‘ఆమె మా టీచర్’ వంటి వాక్యాల్లో తెలుగుకు క్రియే అక్కర్లేదు. రెండు మాటలు పక్కపక్కన పెడితే వాక్యం పూర్తయిపోతుంది. ఇంగ్లిష్‌లో క్రియ లేకుండా పూర్తి వాక్యం ఉండదు. చేసే పని ఏదీ లేకపోతే ఆ ఖాళీలో ‘బి’ వచ్చి కూర్చుంటుంది. దానికి పెద్ద అర్థం కూడా లేదు. రెండింటినీ ముడి వేసే తాడు లాంటిది. ఇదంతా చెప్పాను. తల ఊపింది. కానీ తల ఊపడం వేరు, తలకెక్కడం వేరు.

అప్పుడు ఎందుకో అడిగాను: ‘మీ ఇంట్ల మాట్లాడేది లంబాడీ కదా. నీ పేరేంది అని ఎట్లంటరు?’

కొంచెం సిగ్గుపడింది. బడిలో ఆ భాష మాట్లాడమని ఎవరూ అడగరు. ‘తారో నామ్ కాంయి ఛ, అంటం మేడం.’

‘ఆ చివరి ఛ తీసేసి అను.’

రెండుసార్లు నోట్లో అనుకొని, తల అడ్డంగా ఊపింది. ‘గట్లనరు మేడం. మాట సగంల ఆగినట్టుంటది.’

‘ఈజ్ లేకుంటే ఇంగ్లిష్ వాళ్లకు గూడ గట్లనే ఉంటది బిడ్డా.’

ఆ పిల్ల కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనంతట తానే పుస్తకం తీసి, ‘మై మదర్’ పక్కన కింద చిన్నగా ‘ఛ’ అని రాసి, దాని మీద ‘ఈజ్’ అని రాసింది. ఆమెకు ‘ఈజ్’ చిన్నప్పటి నుంచీ తెలుసు. వాళ్ల అమ్మ భాషలో ఉంది. బడికొచ్చి తెలుగు నేర్చుకొని, తెలుగు మీదుగా ఇంగ్లిష్‌కు పోవాలనుకోవడంతో దారి మధ్యలో దాన్ని వదిలేసింది. తండా పిల్లలకు మూడు భాషల భారం అని మేం స్టాఫ్ రూంలో ఎన్నోసార్లు అనుకున్నాం. ఇక్కడ మటుకు మూడో భాషే దారి చూపింది.

తెలుగు ఇంటి భాషగా ఉన్న పిల్లలకు ఈ సాయం ఉండదని నాకు వెంటనే గుర్తొచ్చింది. వాళ్లకు హిందీ ఉంది. ‘మేరా నామ్’ తర్వాత ‘హై’ లేకుండా హిందీ మేడం ఒప్పుకోరు. ఆ ‘హై’ని చూపిస్తే క్లాసులో చాలామంది పట్టుకున్నారు. వాక్యం చివర ఉన్న దాన్ని మధ్యలోకి తేవడం ఒక్కటే కొత్త.

*

ఇక పెద్ద కొండ: ‘డు, డస్, డిడ్.’

‘ఐ డిడ్ నాట్ వెంట్’ అని రాసేది ఈ పిల్ల ఒక్కతే కాదు. డిగ్రీ పాసైనవాళ్లు కూడా రాస్తారు. డిడ్ తర్వాత వి-వన్ రావాలని మనం రూలు చెప్తాం. ఎందుకు రావాలో చెప్పం. నేనూ చెప్పలేదు. పరీక్షలో ‘కరెక్ట్ ద సెంటెన్స్’ వస్తే దిద్దుతారు, సొంతంగా రాయమంటే మళ్లీ ‘వెంట్’ వస్తుంది.

ఈసారి మోపు మాటతో మొదలుపెట్టాను. చేలో పత్తి ఏరినవాళ్లకు, గడ్డి కోసినవాళ్లకు మోపు అంటే వివరించక్కర్లేదు. కాలం, మనిషి అనే రెండూ కలిపి ఒక మోపు అనుకో. ‘షి గోస్’ అన్నప్పుడు ‘గో’ ఒక్కతే ఉంది, మోపు ఆమె నెత్తి మీదే, అందుకే ‘ఎస్’ కనిపిస్తోంది. ‘కాదు’ అని చెప్పాలంటే ‘గో’కు చేతకాదు, ‘డు’ను సాయం పిలుస్తుంది. సాయానికి వచ్చిన మనిషి ఉత్త చేతుల్తో నడవదు కదా. ముందుకొచ్చి మోపు ఎత్తుకుంటుంది: ‘డస్.’ ‘గో’ నెత్తి ఖాళీ అయింది: ‘షి డస్ నాట్ గో.’ పాస్ట్ అయినా అంతే. ‘వెంట్’ నెత్తి మీద ఉన్న పాస్ట్ మోపు ‘డిడ్’ ఎత్తుకుంటే, కింద మిగిలేది ‘గో.’ ఒక్క మోపు ఇద్దరి నెత్తి మీద ఉండదు.

ఇది బాగానే పట్టింది. కానీ దాన్ని స్థిరం చేసింది మాత్రం మళ్లీ తెలుగే. ‘వాడు పోయిండు. కాదు అని చెప్పు’ అన్నాను. ‘పోలే’ అంది. ‘పోయిండు లేదు అనొచ్చుగా?’ పిల్ల నవ్వింది. ‘ఎవరంటరు మేడం గట్ల!’

అవును, ఎవరంటారు. ‘లేదు’ రాగానే ‘పోయిండు’కున్న తోక మొత్తం ఊడిపోయి ఉత్త ‘పో’ మిగులుతుంది. నేను పోలేదు, వాడు పోలేదు, వాళ్లు పోలేదు. ‘ఐ డిడ్ నాట్ గో, హి డిడ్ నాట్ గో, దే డిడ్ నాట్ గో.’ ‘డిడ్ నాట్ వెంట్’ అనడం ‘పోయిండు లేదు’ అన్నట్టే ఉంటుంది. ఇది ఆమె నోటితో తానే అని, చెవితో తానే విని, తప్పని తానే చెప్పింది. ఆ రోజు నుంచి ‘డిడ్’ తర్వాత ‘వెంట్’ రాయబోయి, కొట్టేసి ‘గో’ రాసిన గీతలు ఆమె నోట్‌బుక్‌లో చాలా ఉన్నాయి. ఆ కొట్టివేతలంటే నాకు ఎంతో ఇష్టం. నా ఎర్ర పెన్ను అవసరం లేకుండా లోపలే దిద్దుకుంటోందని అర్థం.

మోపు మాట ఇంకా దూరం తీసుకుపోయింది. వర్బులు ఎన్ని వరుసగా నిలబడ్డా మోపు మోసేది అందరికన్నా ముందున్నదే. ‘షి ఈజ్ గోయింగ్’లో ‘ఈజ్’, ‘షి హాజ్ బీన్ గోయింగ్’లో ‘హాజ్.’ దీంతో ‘ఈజ్ గోస్’, ‘వాజ్ వెంట్’ రెండూ ఒకే తప్పని తెలిసిపోయింది: ఇద్దరి నెత్తి మీదా మోపు. పన్నెండు వరుసల చార్టు పోయి ఒక్క మాట మిగిలింది. ‘కెన్, విల్, మస్ట్’ లాంటివాటికి మాత్రం ‘ఎస్’ ఎప్పుడూ అంటదని విడిగా చెప్పాల్సి వచ్చింది. ‘షి కెన్స్’ అని ఒకసారి రాసింది కాబట్టి.

మోపు దగ్గర నేను ఊహించని తప్పు ఒకటి వచ్చింది. ‘ఐ డిడ్ నాట్ హోంవర్క్’ అని రాసింది. ‘డిడ్ ఉంది గద మేడం, మళ్ల డు ఎందుకు?’ అని వాదించింది. వాదన సబబే. ‘డు’ అసలు పనిగా ఉన్నప్పుడు కూడా సాయానికి మళ్లీ ఇంకో ‘డు’ కావాలి: ‘ఐ డిడ్ నాట్ డు మై హోంవర్క్.’ దీనికి ‘పో’ పనికొచ్చింది. ‘ఊరికి పోయిండు’లో పోవడం నిజంగా పోవడం. ‘పడిపోయిండు’లో ఎక్కడికీ పోలేదు, అక్కడ ‘పో’ సాయానికి వచ్చింది. ‘ఎగిరిపోయింది’, ‘చచ్చిపోయింది’ కూడా అంతే. ఒకే మాట ఒకచోట యజమాని, ఒకచోట కూలి. మనకూ ఉంది, వాళ్లకూ ఉంది.

*

‘వస్తడు’తో వచ్చిన చిక్కు వేరు. ‘రోజూ వస్తడు’ అన్నా ‘వస్తడే’, ‘రేపు వస్తడు’ అన్నా ‘వస్తడే.’ తెలుగులో ఒకటే మాట రెండు బరువులు మోస్తుంది. అందుకే మన పిల్లలు ‘డైలీ హి విల్ కమ్’ అంటారు. నేను ఆమెకు ఒక్క అలవాటు చేశాను. ‘స్తడు, తడు’ కనిపిస్తే లోపల ‘రోజూనా, రేపా?’ అని అడుక్కోవాలి. రోజూ అయితే ‘కమ్స్’, రేపు అయితే ‘విల్ కమ్.’ రెండు వారాల్లో పట్టింది. ‘రోజూ’ దగ్గర వచ్చే ‘ఎస్’ మాత్రం ఈ రోజుకీ జారిపోతుంది. మన భాషలో ‘వచ్చింది’ అమ్మకూ సరిపోతుంది, ఆవుకూ సరిపోతుంది, అయ్యకు మాత్రం ‘వచ్చిండు.’ ఇంగ్లిష్‌లో ‘హి, షి, ఇట్’ ముగ్గురికీ ఒకే ‘ఎస్’, అదీ రోజూ సంగతుల్లోనే, పాస్ట్‌లో అది కూడా లేదు. చాలా చిన్న తోక. చెవికి సరిగ్గా వినపడదు కూడా. అందుకే పోతుంది.

‘ఐ యామ్ నోయింగ్’ మీద నేను ఎక్కువ టైం పెట్టాను. చాలామంది దాన్ని దిద్ది ఊరుకుంటారు గానీ, తెలుగు వినే చెవికి దీని జవాబు తెలుసు. ‘నాకు తెలుసు’ అంటాం. ‘తెలుసుతున్న’ అనం. ‘నాకు కావాలి’, ‘నాకు ఇష్టం’, ‘నాకు ఇద్దరు తమ్ముళ్లు ఉన్నరు’, వీటిలో వేటికీ ‘తున్న’ అంటుకోదు. ఇంగ్లిష్‌లో వీటికి జతగా వచ్చే ‘నో, వాంట్, లైక్, హావ్’ కూడా మామూలుగా ‘ఇంగ్’ను దగ్గరికి రానివ్వవు. ‘నాకు’తో మొదలై ‘తున్న’ అంటని మాట అయితే ‘ఇంగ్’ పెట్టకు అని చెప్పాను. అన్నిచోట్లా నడిచే సూత్రం కాదు ఇది. ‘నాకు కనిపిస్తుంది’లో ‘తు’ ఉన్నా ‘ఐ యామ్ సీయింగ్’ అనకూడదు, ‘ఐ కెన్ సీ’ అనాలి. ‘నాకు ఆకలైతుంది’ అయితే వర్బే మారిపోయి ‘ఐ యామ్ హంగ్రీ’ అవుతుంది. ‘ఫీవర్ కేమ్ టు మీ’ కూడా ఈ కోవలోదే: ‘ఐ హాడ్ ఎ ఫీవర్.’ మనకు జ్వరం వస్తుంది, ఇంగ్లిష్ వాళ్లు జ్వరాన్ని పెట్టుకుంటారు. అయినా పదింట ఏడెనిమిది చోట్ల కాపాడే సూత్రం కాబట్టి ఇచ్చాను, ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పి ఇచ్చాను.

*

తీజ్ అయిపోయి బడికొచ్చిన రోజు, దాని గురించే రాయమన్నాను. తండాలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, పాటలు పాడి, చివరి రోజు ఆ మొలకల్ని నీళ్లలో కలిపే పండుగ. పేజీన్నర రాసింది. అంత పొడుగు ఇంగ్లిష్ ఆమె అంతకుముందు ఎప్పుడూ రాయలేదు. చెప్పడానికి సంగతి ఉన్నప్పుడు పిల్లలు తప్పులకు భయపడరని నేను చాలాసార్లు చూశాను. పాఠంలో ఉన్న ‘ఎ విజిట్ టు ఎ మ్యూజియం’ మీద రాయమంటే నాలుగు లైన్లు వచ్చేవి, అవి కూడా గైడులోవి.

పండుగ అయిపోయింది కాబట్టి అంతా పాస్ట్ కావాలి. ‘వి సింగ్డ్’, ‘వి పుటెడ్’, ‘మై ఆంటీ బ్రింగ్డ్’ అని రాసింది. ఈ మూడు తప్పులూ చూసి సంతోషించాను. మోపు ఎక్కించాలని తెలుసు, ఎక్కించింది కూడా, అది ఎక్కే తీరు మాత్రమే తెలియదు. ఇది నెల కిందటి తప్పు కాదు, దానికన్నా ఒక మెట్టు పైది. వి-టూ (పాస్ట్ రూపాల) పట్టిక మొత్తం ఇవ్వకుండా, ఆమె వ్యాసంలో వచ్చిన వర్బుల్నే కుటుంబాలుగా కట్టించాను. ‘సింగ్-స్యాంగ్’ ఇంట్లోకే ‘రింగ్, డ్రింక్, స్విమ్, బిగిన్’ వస్తాయి. ‘బ్రింగ్-బ్రాట్’ ఇంట్లోకి ‘బై, థింక్, టీచ్, క్యాచ్.’ ‘పుట్’ ఇంట్లోకి ‘కట్, హిట్, షట్’, వీళ్లు పాస్ట్‌లో కూడా మారరు. ‘గో’కు ‘వెంట్’ ఎందుకని అడిగితే, అది ‘వెండ్’ అనే వేరే పాత వర్బ్ పాస్ట్ రూపమని, ‘గో’ దాన్ని తన ఇంట్లోకి తెచ్చుకుందని చెప్పాను. ‘మనం రా అని పిలుస్తం, వచ్చిండు అంటం, రాండు అనం గద’ అంటే వెంటనే అర్థమైంది. పాస్ట్ వర్బుల చివర వచ్చే ‘ఈడీ’ ఉచ్చారణ పెద్ద పట్టింపు కాకపోయినా చెప్పాను: ‘హెల్ప్ట్’లో ‘ట్’, ‘ప్లేడ్’లో ‘డ్’, ‘వాంటెడ్’లో మాత్రమే పూర్తిగా ‘ఇడ్.’

తీజ్ వ్యాసంలోనే అసలు పాత చిక్కు కూడా మళ్లీ కనిపించింది: ‘వి వేక్ అప్ అండ్ టేక్ బాత్ అండ్ పోర్ వాటర్ అండ్ సింగ్డ్.’ లేచి, స్నానం చేసి, నీళ్లు పోసి, పాడినం. ఆఖరి క్రియకే మోపు. ఇక్కడ తెలుగు సార్‌ను పిలిచి ఆయన నోటితోనే చెప్పించాను. తెలుగులో ‘లేచి, చేసి, పోసి’ అనేవి నడిచొచ్చేవాళ్లు, చివరిది ఒక్కటే మోసేది. ఇంగ్లిష్‌లో ‘అండ్’ పెట్టామంటే ఎవరి మోపు వాళ్లదే: ‘వోక్ అప్, టుక్, పోర్డ్, స్యాంగ్.’ లేదంటే ‘ఆఫ్టర్ టేకింగ్ ఎ బాత్’ అని దాన్ని తెలుగులో లాగా ఉత్త చేతులతో నడిపించాలి. ఆ రోజు ఇద్దరు టీచర్లు ఒకే బోర్డు మీద పక్కపక్కన రాస్తుంటే క్లాసు మొత్తం నిశ్శబ్దంగా చూసింది. అట్లాంటి పీరియడ్ మా బడిలో మళ్లీ మళ్లీ జరగాలని నా కోరిక.

నవంబర్‌లో దెబ్బ తగిలింది. పత్తి తీతలో అమ్మతో పాటు పన్నెండు రోజులు బడికి రాలేదు. తిరిగొచ్చాక ‘ఎస్’ మొత్తం పోయింది, ‘డిడ్ నాట్ వెంట్’ కూడా రెండుసార్లు వచ్చింది. ‘ఈజ్’ మాత్రం చెక్కుచెదరలేదు. దాని వేరు ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు. మిగతావి రోజూ పది నిమిషాల నోటి పనితో మూడు వారాల్లో తిరిగొచ్చాయి. రాత కన్నా నోరు ముందు. నేను తెలుగులో ఒక మాట అంటే ఆమె ఇంగ్లిష్‌లో అనాలి, తర్వాత కాదని చెప్పాలి, తర్వాత అడగాలి. ‘వచ్చిండు. రాలే. వచ్చిండా?’ ‘హి కేమ్. హి డిడ్ నాట్ కమ్. డిడ్ హి కమ్?’ మనం చివర ఒక దీర్ఘం తీస్తే ప్రశ్న అయిపోతుంది. వాళ్లు మోపు మోసేదాన్ని ముందుకు తెచ్చి నిలబెట్టాలి.

సంక్రాంతి సెలవుల ముందు, 2025 జనవరిలో, ఆగస్టులో ఇచ్చిన ఆ ఇరవై వాక్యాలనే క్రమం మార్చి మళ్లీ ఇచ్చాను. పదిహేను సరిగ్గా వచ్చాయి. తప్పిన ఐదింటిలో మూడు ‘ఎస్’ జారినవి. ఒకటి ‘అండ్’ దగ్గర మధ్య క్రియకు పాస్ట్ మరిచింది. ఐదోది ‘నేను ఇంక తినలే.’ దానికి ‘ఐ డిడ్ నాట్ ఈట్’ అని రాసి, పక్కనే పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టింది. ఇంటికి తీసుకుపోయి దిద్దుతున్నప్పుడు ఆ గుర్తు చూశాను.

మర్నాడు ఆమే వచ్చి అడిగింది. ‘మేడం, నిన్న తినలే అన్నా తినలే, ఇంక తినలే అన్నా తినలే. ఇంగ్లిష్‌ల గూడ రెండు ఒక్కటేనా?’

‘నిన్న తినలే అంటే, ఆ అన్నం ఇప్పుడు తినగలవా?’ అన్నాను.

‘ఎట్ల తింట మేడం. నిన్న అయిపాయె.’

‘ఇంక తినలే అంటే?’

‘ఇప్పుడు పోయి తినొచ్చు.’

‘ఆ రెండోదానికి వాళ్లకు వేరే మాటుంది. ‘హావ్’ను సాయం పిలుస్తరు. సెలవులయినంక దాని సంగతి చూద్దాం.’

‘హావ్ మోస్తదా మేడం మోపు?’ అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే ఆటో హారన్ విని పరిగెత్తింది.